పద్మాపురం తోటకు ఒక్క రోజు: రైల్లో ఎక్కి, మొక్కలతో దిగి

విశాఖ నుంచి అరకు వెళ్లేవాళ్లలో చాలామంది అక్కడి పద్మాపురం తోటకు ఇచ్చేది అరగంట. పొద్దున్న బొర్రా గుహలు, మధ్యాహ్నం బొంగు చికెన్, ఆ తర్వాత చాపరాయి జలపాతం. ఈ మధ్యలో ఎక్కడో గేటు దగ్గర కారు ఆపి నాలుగు ఫొటోలు. మేమూ మొదటి రెండుసార్లు అలాగే చేశాం. మూడోసారి నుంచి తోటనే రోజుకు నడిమధ్య పెట్టుకుని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటున్నాం. బొర్రా పూర్తిగా వదిలేశాం, గుహలకు విడిగా ఒక రోజు పెట్టుకోవడమే న్యాయం. ఆరుగురు స్నేహితులం డిసెంబరులో ఒక పనిదినం చూసుకుని వెళ్లివచ్చిన క్రమం ఇది. ఆదివారం వద్దు. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో ఘాట్ రోడ్డు మీదే సగం రోజు కరిగిపోతుంది.

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. ఇందులో రెండు లెక్కలున్నాయి. డిసెంబరులో విశాఖ వైపు సూర్యుడు సాయంత్రం ఐదున్నర లోపే దిగిపోతాడు. తిరుగు రైలు ఎక్కితే లోయలు, సొరంగాలు ఉన్న అసలు భాగమంతా మసక చీకట్లోనే దాటిపోతుంది. రెండోది మొక్కలు. తోట చూసి వట్టి చేతులతో తిరిగొచ్చే మనుషులం కాము. కిక్కిరిసిన పాసింజరులో గులాబీ మొక్క తెస్తే ఇంటికి చేరేది ముళ్ల కట్టే.

కారు అరకులో మాట్లాడుకుంటే డ్రైవరు ఖాళీగా వెనక్కి వెళ్లాలి కాబట్టి రానుపోను డబ్బులు తీసుకుంటారు. అందుకే విశాఖలోనే ఏడు సీట్ల బండి ఒకటి మాట్లాడి, పొద్దున్న ఆరున్నరకు ఖాళీగా పైకి పంపేశాం. అన్నం క్యారియర్లు, మంచినీళ్ల క్యాన్లు, ఖాళీ అట్టపెట్టెలు, పాత న్యూస్‌పేపర్లు, పురికొస అన్నీ అందులోనే. డీజిల్ శృంగవరపుకోటలోనే నింపుకోమని ముందే చెప్పాం, ఘాట్ ఎక్కాక బంకు కోసం వెతుక్కోవడం మంచిది కాదు. మేం రైలు దిగేసరికి బండి స్టేషను బయట సిద్ధంగా ఉంది.

రైలు టికెట్ల సంగతి. కిరండూల్ పాసింజరు విశాఖలో పొద్దున్న ఏడు గంటల లోపే కదులుతుంది. దానికి తగిలించే విస్టాడోమ్ పెట్టెలో గాజు కప్పు, గాజు కిటికీలు ఉంటాయి. 2017లో మొదలైన ఈ పెట్టెకు సీజన్‌లో గిరాకీ ఎంతంటే, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకున్న పొద్దున్నే కూర్చుని చేసుకుంటే తప్ప దొరకదు. ఆరుగురికీ ఒకే టికెట్టు మీద ప్రయత్నించాం, నలుగురికి సీటు వచ్చి ఇద్దరికి వెయిటింగ్ పడింది. ఇలాంటప్పుడు చాలామంది కంగారుపడి ఆ ఇద్దరి టికెట్లూ రద్దు చేస్తారు. ఒకే పీఎన్‌ఆర్‌లో ఒక్కరికైనా సీటు ఖాయమైతే ఆ టికెట్టు తనంతట తాను రద్దు కాదు. చార్టు తయారయ్యాక అందరూ వెయిటింగ్‌లోనే మిగిలిన ఆన్‌లైన్ టికెట్టు మాత్రం రద్దయిపోతుంది, దానితో రైలెక్కకూడదు. మా ఇద్దరికీ చివరకు సీట్లు వచ్చాయి. రాకపోతే జనరల్‌లో ఎక్కాలనే అనుకున్నాం. అలా ఎక్కేవాళ్లు ఐదున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉంటేనే కిటికీ దక్కుతుంది.

ముందురోజు రాత్రి తప్పనిసరిగా చూడాల్సింది రైలు నడుస్తోందా లేదా అన్నది. ఈ లైను ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్ల గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసింది. ఇప్పటికీ గూడ్సు బండ్లే దీని ప్రాణం. ఎదురుగా ఖనిజం బండి వస్తుంటే పాసింజరును చిన్న స్టేషనులో పక్కన నిలబెట్టేస్తారు, అరగంటో ముప్పావుగంటో పోతుంది. వానాకాలంలో కొండ చరియలు, బండరాళ్లు పట్టాల మీద పడి రైళ్లు రద్దవడం ఏటా చూస్తున్నదే. జూలై నుంచి అక్టోబరు దాకా వెళ్లేవాళ్లు బస్సో కారో రెండో దారిగా మనసులో ఉంచుకోవాలి.

కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా నిద్రపోయినా పోయేదేమీ లేదు. బొడ్డవర వస్తే మాత్రం లేవాలి. అక్కడి నుంచి బండి కొండెక్కుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు ఉన్నాయని చెప్తారు, వాటిలో చాలా భాగం ఈ ఎక్కుడులోనే తగులుతాయి. శిమిలిగుడ స్టేషను బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు 996 మీటర్లని ఉంటుంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషను ఇదే. అక్కడి నుంచి బండి కొంచెం దిగి అరకు చేరుతుంది. చెట్లు మారే తీరు చూడాలంటే కిటికీకి మించిన చోటు లేదు. కింద తాటి, జీడిమామిడి. త్యాడ దగ్గర వెదురు. ఇంకా పైకి వెళ్తే నిట్టనిలువు సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకు పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ పొదలు. సిల్వర్ ఓక్ మన చెట్టు కాదు, ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి వచ్చింది. ఆకు పైన ఆకుపచ్చగా, అడుగున వెండి రంగులో ఉంటుంది, గాలికి తిరగబడ్డప్పుడు కొండంతా మెరుస్తుంది.

పదకొండు దాటి పది నిమిషాలకు అరకులో దిగాం. స్టేషను నుంచి తోట దగ్గరే, ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. లోపలికి వెళ్లే ముందు ఒక పని పూర్తి చేశాం: బొంగు చికెన్ చెప్పేయడం. ముందే ఎందుకంటే, సరిగ్గా చేస్తే దానికి ముప్పావుగంట పడుతుంది. అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు, కోడి కొవ్వు, పచ్చి బొంగులోని తడి కలిసి ముక్కను ఉడికిస్తాయి. ఎండు బొంగైతే తడి ఉండదు, మంటకు పగిలి రసమంతా నిప్పుల పాలవుతుంది. కాబట్టి బొంగు పచ్చగా, చేతికి బరువుగా ఉందో లేదో చూడాలి. రద్దీ రోజుల్లో ముందే ఉడకబెట్టిన ముక్కల్ని బొంగులో పోసి వేడిచేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, ఐదు నిమిషాల్లో ఇస్తామంటే అదే. మన ముందే కూరమని అడిగితే తప్పేం కాదు. కేజీ కోడి ముగ్గురికి చక్కగా సరిపోతుంది. మేం రెండు కేజీలు చెప్పి, ఒంటిగంటన్నరకు వస్తామని అడ్వాన్సు ఇచ్చాం. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, పైన ఫోన్ సిగ్నలు ఉన్నట్టే ఉండి సరిగ్గా డబ్బు పంపే వేళకు పోతుంది.

ఇక తోట. పద్మాపురం మొదట పూలతోట కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికుల కోసం కూరగాయలు పండించడానికి పెట్టిన క్షేత్రం. సుమారు 26 ఎకరాలు. ఈ సంగతి తెలిసి లోపలికి నడిస్తే తోట ఇంకోలా కనిపిస్తుంది. సముద్రతీరాన ఉడికిపోయే పంట ఇక్కడ ఎందుకు నిలుస్తుందో ఒంటికే తెలుస్తుంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అరకు ఎత్తు తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు. పగటి తేడా అంతే, రాత్రి తేడా ఇంకా ఎక్కువ. శీతాకాలంలో ఇక్కడ రాత్రి పది డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది. విశాఖలో సముద్రం పక్కనే ఉండి రాత్రిని అంతగా చల్లబడనివ్వదు. పువ్వు రంగు చిక్కబడేది, రేక మందంగా వచ్చేది ఈ చల్లటి రాత్రుల వల్లే.

గేటు దాటగానే జనమంతా బొమ్మ రైలు వైపు తిరుగుతారు. పిల్లలుంటే అటే వెళ్లండి, తోట చుట్టూ తిప్పుతుంది కాబట్టి వాళ్లకు అలుపు ఉండదు. పెద్దవాళ్లకు నడకే మేలు. మేం మొదట పెద్ద చెట్ల కిందికి వెళ్లాం. దానికి కారణం ఎండ. పన్నెండు నుంచి రెండు దాకా నెత్తిన పడే వెలుగులో పూల ఫొటోలు బాగా రావు, ఎర్ర గులాబీ తీస్తే రేకల మడతలన్నీ కలిసిపోయి ఎర్రటి ముద్ద ఒకటే మిగులుతుంది. ఆ వేళ చెట్ల నీడకు ఇవ్వాలి. మొదళ్ల మీద బూడిద రంగు, లేతాకుపచ్చ రంగు పెచ్చులుగా పట్టి ఉండేది లైకెన్, శిలీంధ్రం, నాచు కలిసి బతికే జీవి. పొగ, దుమ్ము ఎక్కువైన చోట అది బతకదు. విశాఖలో పారిశ్రామిక వాడల చుట్టుపక్కల చెట్ల మీద దీని కోసం ఎంత వెతికినా కష్టం, ఇక్కడ చేత్తో తడమొచ్చు. గీకడం మాత్రం వద్దు, అరచేతంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. చెట్ల మీద కట్టిన కుటీరాలు కూడా ఇటే ఉన్నాయి, కింద నుంచి చూసి వచ్చేశాం.

ఒంటిగంటన్నరకు బయటికి వచ్చి తిన్నాం. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం, వాటితో బొంగు చికెన్. కొండ దిగాల్సినవాళ్లు ఇక్కడే కొంచెం ఆకలి మిగుల్చుకోవాలి.

రెండున్నరకు మళ్లీ లోపలికి, ఈసారి గులాబీల దగ్గరికి. డిసెంబరులో రావడంలో ఉన్న కిటుకు ఇక్కడే తెలుస్తుంది. గులాబీ కొమ్మ కత్తిరించిన రోజు నుంచి సుమారు 45 రోజులకు పూతకొస్తుంది. వానలు వెనకపట్టాక అక్టోబరు నడుమ కత్తిరింపు జరిగితే నవంబరు చివర్లో, డిసెంబరు మొదట్లో మొదటి విడత విరగబూస్తుంది. అక్టోబరులో వచ్చి తోటలో పువ్వే లేదని తిట్టుకునేవాళ్లు చూస్తున్నది అప్పుడే కత్తిరించిన మోళ్లని. కత్తిరింపు ఎలా చేశారో దగ్గరగా చూడండి, ఇంట్లో పనికొస్తుంది. బయటి వైపు చూస్తున్న కన్నుకు, అంటే చిగురు పుట్టే చోటుకు, పావు అంగుళం పైన, ఏటవాలుగా కోత. అలా కోస్తే కొత్త కొమ్మ బయటికి వస్తుంది, పొద మధ్యలో గాలి ఆడుతుంది, ఆకుకు నల్లమచ్చ తెగులు తగ్గుతుంది. లోపలి కన్నుకు కోస్తే కొమ్మలన్నీ నడిమికే గుమిగూడతాయి.

ఫొటోలకు మూడు గంటల వెలుగు బాగుంది. ఫోనులో పువ్వు మీద వేలు నొక్కిపట్టి, వెలుగు గీతను కాస్త కిందికి లాగితే రేకల మడతలు నిలుస్తాయి. పువ్వుకు ఎదురెండలో కాకుండా, ఎండ పక్క నుంచి పడేలా నిలబడాలి. ఇంతకుమించి ఏ కెమెరా పాఠమూ అక్కర్లేదు.

చివరి ముప్పావుగంట మొక్కల కొనుగోలుకు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మోసం చేసేది అమ్మేవాళ్లు కాదు, వాతావరణం. అరకు చలిలో నవనవలాడే మొక్క విశాఖ బాల్కనీలో మే నెల దాటుతుందా అన్నదే ప్రశ్న. హైడ్రాంజియా గుత్తులు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. మొక్కలమ్మే ఆవిడ కూడా దాచకుండా చెప్పింది: "ఇది కిందకి దింపితే ఎండలకి ఆగదు బాబూ, సలవ ఉండాల దీనికి." నిజమే. పైగా దాని నీలం రంగు నేలలోని పులుపు మీద ఆధారపడుతుంది. ఆమ్ల నేలలో అల్యూమినియం వేరుకు అందుతుంది, పువ్వు నీలమవుతుంది. క్షారం ఉన్న బోరునీళ్లు పోస్తే అదే మొక్క గులాబీ రంగుకు తిరుగుతుంది. డాలియాదీ ఇదే కథ, ఒక శీతాకాలం మురిపించి ఎండాకాలంలో దుంపతో సహా కుళ్లిపోతుంది. ఆ ఒక్క సీజను చాలనుకుంటే కొనండి. పాయిన్‌సెట్టియా మాత్రం ధైర్యంగా తెచ్చుకోవచ్చు. ఎర్రగా కనిపించేవి పూరేకలు కావు, ఆకులే. అసలు పువ్వులు నడుమ ఉండే చిన్న పసుపు మొగ్గలు. రోజుకు 14 గంటల ఎడతెగని చీకటి కొన్ని వారాలు దొరికితేనే ఆ ఆకులు ఎరుపెక్కుతాయి. వీధిదీపం పడే బాల్కనీలో పెట్టి, మరుసటి ఏడాది రంగు రాలేదని చాలామంది పీకేస్తారు. రాత్రి దీపం పడని మూలకు జరిపితే వస్తుంది. తుంచితే కారే పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి.

గులాబీ కొనేటప్పుడు పువ్వు చూడకండి, మొదలు చూడండి. అంటు కట్టిన చోటు చిన్న ముడిలా తెలుస్తుంది. ఆ ముడికి పైన పెన్సిలు మందం కొమ్మలు రెండో మూడో ఉంటే మంచి మొక్క. ముడి కింద నుంచి చిగురొస్తుంటే అది అడవి మొదలుది, అదే బలం లాక్కుని పై అంటును చంపుతుంది. తర్వాత మొక్కను మెల్లిగా కదపాలి. కవరులో మట్టితో కలిసి కదిలితే వేరు పట్టింది. మొక్క ఊగి మట్టి ఊగకపోతే నిన్నో మొన్నో గుచ్చింది, వదిలేయండి. కవరు అడుగు కన్నాల్లోంచి వేళ్లు బయటికి చుట్టుకుపోయి ఉన్నా వద్దు. మేం ఆరుగురం కలిసి తొమ్మిది గులాబీలు, మూడు పాయిన్‌సెట్టియాలు తీసుకున్నాం.

కాఫీ మొక్క, పచ్చి కాఫీ పండ్లు ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దని మా గట్టి నియమం. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. అది పండు లోపలే గుడ్లు పెట్టి పెరుగుతుంది, జేబులో వేసుకున్న నాలుగు పండ్లతో ఒక తోట నుంచి ఇంకో తోటకు చేరగలదు. గిరిజన రైతుల ఏడాది రాబడి ఆ చెట్ల మీదే ఉంది. వేయించిన గింజలు, పొడి ఎంత కొన్నా భయం లేదు. దారిలో వేయించిన అరబికా అరకేజీ చొప్పున తెచ్చుకున్నాం, ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మొక్కల్ని సర్దడానికి పావుగంట కేటాయించండి. విచ్చిన పువ్వులు, పెద్ద మొగ్గలు అక్కడే తుంచేయాలి, ప్రాణం ఒప్పకపోయినా. ప్రయాణంలో నీళ్లన్నీ అవే తాగేస్తాయి. మట్టి తడిగా ఉండాలి కానీ కారకూడదు. కవరు మీద ఇంకో కవరు కట్టి, కొమ్మల్ని పైకి దగ్గరకు తీసి న్యూస్‌పేపరు పొట్లంలా చుట్టి పురికొస వేయాలి. అట్టపెట్టెలో నిలువుగా ఇరికించి, సందుల్లో ఇంకా కాగితం కుక్కాలి. కారు వెనక భాగంలో పెట్టాం, ఏసీ గాలి నేరుగా తగలకుండా. కిటికీ తెరిచిన బండిలో గంట ప్రయాణం చాలు, లేతాకులు అంచులు మాడిపోతాయి. దారిలో టీకి ఆగినప్పుడు బండిని నీడలో పెట్టించడం కూడా మర్చిపోకూడదు.

మూడు నలభైకి కదిలాం. నిజానికి మూడున్నరే మా గడువు. సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి దాటి వెలుతురుండగానే మలుపుల భాగం చాలావరకు దిగిపోవాలి. చీకటికి తోడు పొగమంచు పడితే ఎదుటి బండి దీపాలు తప్ప ఏమీ కనపడవు. దిగుడులో డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టే ఉంచుతుంటే మొహమాటపడకుండా చెప్పాలి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగడం పాత పద్ధతి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అదే పనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వస్తే పక్కన ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు. కడుపులో తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు వైపు చూడమనాలి. వాంతుల మాత్ర వేసుకునేవాళ్లు కొండ దిగడం మొదలుపెట్టే గంట ముందే వేసుకోవాలి, మలుపుల్లో వేసుకుంటే లాభం లేదు. దాంతో నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి బండి నడిపేవాళ్లు ముట్టకూడదు. కోతులు కనబడితే ఏమీ విసరకండి, తిండి కోసం రోడ్డు మధ్యకు వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

శృంగవరపుకోటలో టీ తాగి, పెందుర్తి, గోపాలపట్నం మీదుగా విశాఖలోని ఎన్‌ఏడీ కూడలి చేరేసరికి ఏడున్నర దాటింది.

ఇంటికి రాగానే పొట్లాలు విప్పేసి మొక్కల్ని నీడలో పెట్టాలి, ఆ రాత్రే కుండీలోకి మార్చకూడదు. ఐదారు రోజులు నీడ, తర్వాత పొద్దుటెండ, పదో రోజుకు కుండీ. పన్నెండు అంగుళాల కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. అంటు ముడి మట్టికి పైనే ఉండాలి. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి, రెండు రోజులకోసారి పొద్దున్నే మంచినీళ్లతో ఆకులు కడిగితే తట్టుకుంటాయి. సాయంత్రం కడగకండి, రాత్రంతా తడి నిలిచి నల్లమచ్చ పడుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండలకు ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది, ఆకు తిరగేసి నీటి ధార గట్టిగా కొట్టడమే దానికి మొదటి మందు. మేం తెచ్చిన తొమ్మిదింటిలో ఏడు చిగురించాయి. పోయిన రెండూ ఒకే ఇంటివి, ఆ రాత్రే కుండీల్లో నాటినవి.